జబ్బు తగ్గింది, మనిషి లేవట్లేదు: ముసలివాళ్ల వైద్యం వేరే దేశాల్లో ఎలా ఉంటుంది?

పాతచొక్కా
అమ్మకి 82. న్యుమోనియా అని ఆస్పత్రిలో చేర్చాం. చేతికర్ర పట్టుకుని తన కాళ్ల మీద తనే లోపలికి నడిచింది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, డిశ్చార్జ్ కాగితంలో "పరిస్థితి నిలకడగా ఉంది" అని రాసిచ్చారు. ఇంటికి మాత్రం స్ట్రెచర్ మీద వచ్చింది. ఇప్పుడు ఇద్దరం పట్టుకుంటే గానీ మంచం దిగదు. అక్కడ ఉన్నన్నాళ్లూ యూరిన్ గొట్టం, చేతికి సెలైన్, మంచానికి రెండు వైపులా కమ్మీలు. లేస్తానంటే "పడిపోతావమ్మా, పడుకో" అనేవాళ్లు. గుండె డాక్టరు ఒక మాత్ర పెంచాడు, కిడ్నీ డాక్టరు ఇంకోటి మార్చాడు, రాత్రిళ్లు నిద్రపోవట్లేదని మరొకాయన నిద్రమాత్ర రాశాడు. ఈవిడ నడుస్తోందా లేదా అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

జపాన్, జర్మనీ లాంటి చోట్ల ఇంతకంటే పెద్దవాళ్లు లక్షల్లో ఉన్నారు కదా. అక్కడా ఇంతేనా? వేరేగా ఏమైనా చేస్తారా? అక్కడ ఉంటున్నవాళ్లు, ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి. "తల్లికి సేవ చేసుకోవడం అదృష్టం" లాంటివి దయచేసి వద్దు. చేస్తూనే అడుగుతున్నా.

వార్డు_నర్సు
మీ అమ్మగారిని పడుకోబెట్టింది న్యుమోనియా ఒక్కటే కాదు, మంచం కూడా. 2007లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా తిరుగుతున్న 12 మంది పెద్దవాళ్లని 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఒక్కొక్కరికీ కాళ్లలో కండ కిలోకి కాస్త అటూఇటుగా పోయింది. వాళ్లకి ఏ జబ్బూ లేదు, సగటు వయసు 67. ఇక 82 ఏళ్ల మనిషికి, జ్వరంతో, సరిగ్గా తినకుండా ఎంత పోతుందో మీరే ఊహించుకోండి.

"పడుకో" అనేది మేమే, కాదనను. పేషెంటు పడిపోతే సంజాయిషీ రాయాల్సింది నర్సు. మంచం మీదే ఉండి కండ కరిగిపోతే ఎవరూ ఎవరినీ అడగరు.

అడ్డసవాల్
82 ఏళ్లకి న్యుమోనియా వచ్చి బతికి బయటపడ్డారు. అది చిన్న సంగతా? ఏ దేశంలో అయినా వయసు వయసే. అక్కడేదో మంత్రం ఉందనుకోకండి.

పాతచొక్కా
@అడ్డసవాల్ మంత్రం అడగలేదు సార్. మంచం దించారా లేదా అని అడిగా.

పెద్దల_డాక్టరు
నేను జీరియాట్రిక్స్‌లో, అంటే ముసలివాళ్ల వైద్యంలో పనిచేస్తున్నా. అడ్డసవాల్ గారన్న "వయసు వయసే" అన్న మాట దగ్గరే మా చదువు మొదలవుతుంది. 82 ఏళ్లవాళ్లు అందరూ ఒకటి కాదు. ఒకాయన మెట్లెక్కి డాబా మీదకి వెళ్తాడు, ఒకావిడ చిన్న జలుబుకే మంచాన పడుతుంది. ఈ తేడానే ఫ్రెయిల్టీ అంటాం. 2001లో లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గిపోవడం. మూడు ఉంటే ఫ్రెయిల్, ఒకటి రెండు ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. కెనడాలో కెన్ రాక్‌వుడ్ వాళ్లు 2005లో ఇంకా తేలిక స్కేలు తెచ్చారు. మనిషి రెండు వారాల కిందట ఏ పనులు చేసుకునేవాడో కనుక్కుని అంకె వేస్తారు. ఇప్పుడది 1 నుంచి 9 దాకా ఉంది. మీ అమ్మగారు చేరిన రోజు ఎవరైనా ఈ అంకె వేసి ఉంటే, ఈవిడని పడుకోబెడితే మళ్లీ లేపడం కష్టమని అప్పుడే తెలిసేది.

ఇది కొత్త సంగతేం కాదు. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరుకి పక్కనున్న పేదల ఆసుపత్రిని కూడా అప్పగించారు. ఏడు వందల పైచిలుకు మంది, చాలామంది ఏళ్ల తరబడి మంచాల మీదే. "ఇక వీళ్లింతే" అని వదిలేసినవాళ్లు. ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్ష చేసి, ఎవరికి ఏం వైద్యం కావాలో చూసి, మంచం దింపి నడిపించడం మొదలుపెట్టింది. చాలామంది ఇళ్లకి వెళ్లిపోయారు.

ఆ పద్ధతి పెరిగి పెద్దదై ఇవాళ సమగ్ర వృద్ధాప్య అంచనా అంటున్నాం. డాక్టరు, నర్సు, ఫిజియో, మాత్రలు చూసే ఫార్మసిస్టు, ఇంటి పరిస్థితి కనుక్కునే సోషల్ వర్కరు కలిసి కూర్చుని ఒకే ప్లాను రాస్తారు. 2017లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) 9 దేశాల్లో జరిగిన 29 ట్రయల్స్, 13,766 మంది వివరాలు కలిపి చూశారు. ఇలా చూసినవాళ్లు కొన్ని నెలల తర్వాత బతికి తమ ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ. చావుల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా లేదు. అదీ చెప్పాలి.

వేపకాయంత
గుండెకో డాక్టరు, కిడ్నీకో డాక్టరు, మోకాలికో డాక్టరు. మనిషికి డాక్టరు ఎవరో కనుక్కోవడానికి ఇన్ని దేశాలు తిరగాలన్నమాట.

ఫిజియో_రమ్య
@పెద్దల_డాక్టరు మీరు స్పెయిన్ మర్చిపోయారు. మా వాళ్లు గర్వంగా చెప్పుకునేది అదే. పాంప్లోనాలో 75 దాటినవాళ్లు 370 మంది మీద ట్రయల్ చేశారు, ఫలితాలు 2019లో వచ్చాయి. సగటు వయసు 87! ఆస్పత్రిలో చేరినవాళ్లనే రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుకి దాంతోపాటు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇరవయ్యేసి నిమిషాల వ్యాయామం: నడక, బ్యాలెన్సు, కాళ్లకి బరువులు. తినడం, స్నానం, నడక లాంటి రోజువారీ పనుల స్కోరు మామూలు వైద్యం గుంపులో ఇంటికి వెళ్లేసరికి పడిపోయింది. వ్యాయామం గుంపులో పడకపోగా కాస్త పెరిగింది. మధ్యస్థంగా ఐదు రోజుల వ్యాయామానికే.

నేను బరువులు అనగానే ఇంట్లోవాళ్లు నన్ను కొట్టేలా చూస్తారు. "ఈ వయసులో జిమ్మా!" అని.

అడ్డసవాల్
సెలైన్ ఎక్కుతుంటే బరువులు ఎత్తించేది ఎవరు? ఎంతమంది ఫిజియోలు కావాలి? కాగితం మీద బాగుంటుంది.

వార్డు_నర్సు
అన్నిటికీ ఫిజియో అక్కర్లేదు. ఇంగ్లండులో 2018లో 70 రోజుల పాటు ఒక ఉద్యమంలా నడిపారు: రోగులు ఆస్పత్రి గౌను తీసేసి తమ బట్టలు తొడుక్కోవాలి, కుర్చీలో కూర్చోవాలి, నడవగలిగితే నడవాలి. గౌనులో ఉన్నంతసేపూ మనిషి తనని తాను రోగి అనుకుంటాడు, చూసేవాళ్లూ అలాగే అనుకుంటారు. చీర కట్టుకున్న ముసలావిడని "పడుకో" అనడానికి నోరు రాదు.

ఇంకోటి, అమెరికాలో యేల్ యూనివర్సిటీలో షారన్ ఇనౌయే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. అందులో సగం పని వాలంటీర్లదే. కళ్లజోడు పెట్టించడం, చెవి మిషను తగిలించడం, తేదీ, స్థలం గుర్తుచేస్తూ మాట్లాడటం, నడిపించడం, నీళ్లు తాగించడం, నిద్రమాత్ర బదులు గోరువెచ్చని పాలు ఇచ్చి వీపు నిమరడం. 1999లో లెక్కలు వేస్తే సంధి కొట్టినవాళ్లు (ఉన్నట్టుండి మతి తప్పి పలవరించేవాళ్లు) మామూలు వార్డులో 15 శాతం, ఈ పద్ధతిలో 9.9 శాతం. @పాతచొక్కా మీ అమ్మగారు ఆస్పత్రిలో రాత్రిళ్లు పలవరించారా?

పాతచొక్కా
అవును. చనిపోయిన మా పెద్దమ్మని పిలిచింది. మందు పడక అన్నారు. కళ్లజోడు నా బ్యాగులోనే ఉంది, పోతుందని ఇంటికి తీసుకెళ్లమన్నారు.

వార్డు_నర్సు
వస్తువులు పోతే కూడా సంజాయిషీ మాదే. అందుకే అలా అంటారు. కానీ కళ్లజోడు మాత్రం పంపకూడదు.

ఒసాకా_కోడలు
జపాన్ గురించి అడిగారు కాబట్టి. పదేళ్ల పైనుంచి ఇక్కడే ఉంటున్నా, మావారు ఇక్కడివాళ్లే, మా అత్తగారికి ఇప్పుడు రెండో కేర్ లెవెల్ (ఎంత సాయం కావాలో చెప్పే మెట్టు, కింద చెప్తా). ముందు చెప్పాల్సింది ఏంటంటే, వీళ్లూ మొదట తప్పుదారి పట్టారు. 1973లో 70 దాటినవాళ్లకి వైద్యం ఉచితం చేశారు. జబ్బు పెద్దగా లేకపోయినా ఇంట్లో చూసుకునేవాళ్లు లేక ముసలివాళ్లని నెలల తరబడి ఆస్పత్రుల్లో వదిలేసేవారు. పదేళ్లకి ఆ ఉచితం ఎత్తేశారు. తర్వాత 2000 ఏప్రిల్‌లో సంరక్షణకి విడిగా బీమా పెట్టారు. 40 నిండిన ప్రతివాడూ ప్రీమియం కట్టాలి. ఖర్చులో సగం ప్రీమియాల నుంచి, సగం పన్నుల నుంచి.

సాయం కావాలంటే దరఖాస్తు పెడతాం. మనిషి ఇంటికొచ్చి 74 అంశాలు చూసి వెళ్తాడు. దుప్పటి పక్కకి తోసుకోగలరా, ఒంటికాలి మీద నిలబడగలరా, మందులు తమంతట తాము వేసుకోగలరా, ఇలాంటివి. కంప్యూటరు ఒక అంచనా వేస్తుంది, కమిటీ కూర్చుని ఖాయం చేస్తుంది. మొత్తం ఏడు మెట్లు. మా అత్తగారు ఆ రోజు మాత్రం చురుగ్గా లేచి టీ పెట్టి, ఒంటికాలి మీద నిలబడి చూపించింది! మామూలు రోజుల్లో బాత్రూంకి నేను పట్టుకోవాలి. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఇదే కథట, అందుకని ఇంట్లోవాళ్లని పక్కకి పిలిచి విడిగా అడుగుతారు.

మెట్టు తేలాక కేర్ మేనేజరు అని ఒకావిడ వస్తుంది. పగటి సెంటరుకి వారానికి ఎన్నిసార్లు, స్నానం చేయించే మనిషి ఎప్పుడు, చేతికమ్మీలు ఎక్కడ బిగించాలి, అంతా ఆవిడే అమర్చిపెడుతుంది. మేం కట్టేది పదో వంతు, ఆదాయం ఎక్కువుంటే 20 లేదా 30 శాతం. నాకు అన్నిటికంటే విలువైనది ఆవిడ ఫోన్ నంబరు. ఏం జరిగినా ఒక్కరికే ఫోన్ చేస్తాను.

లెక్కలపంతులు
ప్రీమియం ఎంత పెరిగిందో కూడా చెప్పండి మరి. 65 దాటినవాళ్లు కట్టేది 2000లో నెలకి సగటున 2,911 యెన్లు. 2024 నుంచి 6,225. రెండింతలు దాటింది. కట్టే కుర్రవాళ్లు తగ్గుతున్నారు, వాడేవాళ్లు పెరుగుతున్నారు.

ఒసాకా_కోడలు
పెరిగింది, నిజమే. పనిచేసే మనుషులు దొరకడం ఇంకా కష్టం. ఏటా లక్షకి అటూఇటుగా జనం తల్లిదండ్రుల కోసం ఉద్యోగం మానేస్తున్నారు. స్వర్గం అని నేననలేదు.

డబ్బే_నయం
ఇంత తతంగం ఎందుకు? జర్మనీలాగ చేతికి డబ్బిస్తే సరిపోతుంది కదా. 1995 నుంచి వాళ్ల బీమాలో నగదు తీసుకునే వీలుంది. ఇంట్లో ఎవరు చూస్తే వాళ్లకే. మనవాళ్లని మనం చూసుకుంటాం.

ఒసాకా_కోడలు
@డబ్బే_నయం "మనం" అంటే ఎవరండీ? ఇక్కడ చట్టం రాసేటప్పుడు సరిగ్గా ఈ గొడవే జరిగింది. నగదు ఇస్తే ఆ డబ్బు చూపించి కోడలిని ఇంట్లో కట్టేస్తారని మహిళా సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. అందుకే జపాన్‌లో ఇచ్చేది సేవలే, నగదు కాదు. కోడలిగా నేను వాళ్లకి రుణపడి ఉన్నా.

బెర్లిన్_బాబాయి
జర్మనీలో ఉంటున్నా, నేనూ ఒక మాట. నగదు ఇస్తారు, కానీ అదే మెట్టులో మనిషిని పంపే సేవకి ఇచ్చే విలువలో సగం కూడా ఉండదు. అయినా చాలామంది నగదే తీసుకుంటారు. తీసుకుని ఏం చేస్తారు? తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఆడవాళ్లని ఇంట్లో పెట్టుకుంటారు. ఆవిడకి సెలవుందా, నిద్రుందా అని ఎవరూ పెద్దగా అడగరు. కోడలు తప్పించుకుంది, ఇంకెవరి కూతురో ఇరుక్కుంది.

ఒక మంచి మాట కూడా. మొదట్లో స్నానం, బట్టలు, తిండి లాంటి ఒంటి పనులే లెక్కేసేవారు. మతిమరుపు మనిషి ఒళ్లు గట్టిగా ఉంటే సాయం అందేది కాదు. 2017లో మూడు మెట్లని ఐదు చేసి మతిమరుపునీ లెక్కలోకి తెచ్చారు.

డబ్బే_నయం
సరే, సగం ఒప్పుకుంటా. కానీ మా ఇంట్లో చూసేది నేనే, మగవాణ్ణే, ఉద్యోగం మానేసి మరీ. నాకు పగటి సెంటరు కంటే డబ్బే అవసరం. ఇద్దరికీ దారి ఉండాలి.

వేపకాయంత
పేరుకి తగ్గ మాట.

సైకిల్_డచ్చి
నెదర్లాండ్స్ అనగానే అందరూ మతిమరుపువాళ్ల ఊరి ఫొటోలు పెడతారు. వీస్ప్‌లో హోగెవేక్ అని ఉంది, 2009లో తెరిచారు. ఆరేడుగురు కలిసి ఒక ఇంట్లో, లోపలే అంగడి, కాఫీ హోటలు, థియేటరు. బాగుంటుంది. కానీ వేరే దేశాలు నేర్చుకోవాల్సింది దాన్నుంచి కాదు, బ్యుర్త్‌జోర్ఖ్ అనే, ఇళ్లకి నర్సుల్ని పంపే సంస్థ నుంచి అంటాను. యోస్ ద బ్లాక్ అనే నర్సు 2006లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఇంటికొచ్చే నర్సు పని నిమిషాల్లో కొలిచేవారు. ఇంజక్షన్‌కి ఒకరు, కట్టు మార్చడానికి ఒకరు, స్నానానికి ఒకరు. ముసలావిడకి రోజుకో కొత్త మొహం. ఇతను 12 మందికి మించని నర్సుల బృందాలు పెట్టాడు. మేనేజరు ఉండడు. ఒక పేట వాళ్లదే, ఏ ఇంటికి ఎంతసేపు అనేది వాళ్లే నిర్ణయించుకుంటారు. వెళ్లగానే కట్టు కట్టరు, కూర్చుని మాట్లాడతారు. పక్కింటివాళ్లు ఏం సాయం చేయగలరో కనుక్కుంటారు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: ఇక్కడ నర్సింగ్‌హోముల్లో పెద్దవాళ్లని చూడటానికే విడిగా ఒక డాక్టరు స్పెషాలిటీ ఉంది. వాళ్ల పనే అది.

అడ్డసవాల్
జపాన్, జర్మనీ, హాలండ్. అన్నీ డబ్బున్న దేశాలే. లేనివాళ్ల సంగతేంటి?

పెద్దల_డాక్టరు
@అడ్డసవాల్ ఇది మంచి ప్రశ్న. థాయ్‌లాండ్ చూడండి. ఊళ్లలో పది లక్షలకి పైగా ఆరోగ్య వాలంటీర్లు ఎప్పటినుంచో ఉన్నారు. 2016 నుంచి మంచాన పడ్డవాళ్ల కోసం ఊరి స్థాయిలో శిక్షణ పొందిన సంరక్షకులు, వాళ్ల మీద ఒక కేర్ మేనేజరు. ఆస్పత్రి కట్టలేదు, ఉన్న మనుషులకే పని నేర్పారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన చేతిపుస్తకం కూడా ఇలాంటి చోట్ల కోసమే. ఆరు విషయాలు చూస్తారు: జ్ఞాపకం, కదలిక, తిండి, చూపు, వినికిడి, మనసు. కదలికకి పరీక్ష ఏంటో తెలుసా? చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 14 సెకన్లలో చేయలేకపోతే వివరంగా చూడాలి. కుర్చీ, గడియారం చాలు.

లెక్కలపంతులు
నేనిప్పుడే చేశా. 11 సెకన్లు. నాకు 54. కుర్చీ కిర్రుమంటే మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి ఏమైందని అడిగింది.

హూస్టన్_శ్రీను
అమెరికా నుంచి నేర్చుకోవాల్సినదాని కంటే నేర్చుకోకూడనిదే ఎక్కువ. పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆపరేషన్‌కి డబ్బిస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి స్నానం చేయించే మనిషికి ఇవ్వదు. చాలామంది ఉన్నది కరగబెట్టుకుని, పేదవాళ్లై, అప్పుడు పేదవాళ్ల ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌కి వస్తారు.

ఒక్కటి మాత్రం అద్భుతం, పేస్ అనే కార్యక్రమం. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఆన్ లాక్ అనే సంస్థ 1970ల మొదట్లో వేసిన విత్తనం. పొద్దున్నే వ్యాను ఇంటికొస్తుంది. పగటి సెంటరులోనే డాక్టరు, ఫిజియో, భోజనం, సాయంత్రం మళ్లీ ఇంటికి. మనిషికి నెలకింత అని సంస్థకి ముందే ఇచ్చేస్తారు, ఆ డబ్బులోనే ఆస్పత్రి ఖర్చు కూడా. దాంతో మనిషి మంచాన పడకుండా చూసుకోవడమే సంస్థకి లాభం. ఆ లెక్క చూశాకే నాకు అర్థమైంది, జనం మంచితనం మీద ఆధారపడకుండా కూడా మంచి పని చేయించొచ్చని. బాధేంటంటే దేశం మొత్తం మీద అందులో ఉన్నవాళ్లు చాలా తక్కువ.

బెర్లిన్_బాబాయి
@హూస్టన్_శ్రీను స్వీడన్‌లోనూ ఇదే కిటుకు. 1992లో చట్టం మార్చారు. వైద్యం అయిపోయి ఇంటికి వెళ్లాల్సిన మనిషి ఆస్పత్రిలో ఉండిపోతే ఆ రోజుల బిల్లు మునిసిపాలిటీ కట్టాలి. ఎక్కడలేని ఏర్పాట్లూ జరిగిపోయాయి.

వార్డు_నర్సు
జరిగిపోయాయి సరే, సగం కోలుకున్నవాళ్లని కూడా తోసేస్తారు అలా. బిల్లు తప్పించుకోవడానికి ఇంటికి పంపితే మళ్లీ అంబులెన్సులో వచ్చేది మా దగ్గరికే.

సైకిల్_డచ్చి
డెన్మార్క్ సంగతీ అలాంటిదే, అటూ చెప్పొచ్చు ఇటూ చెప్పొచ్చు. ఫ్రెడరీషియా అనే ఊళ్లో 2008లో మొదలైంది. పెద్దాయన మేజోళ్లు తొడగమని సాయం అడిగితే మనిషి వచ్చి తొడగడు. తానే తొడుక్కునేలా కొన్ని వారాలు నేర్పిస్తాడు. 2015 నుంచి దేశమంతా చట్టం. బాగైనవాళ్లు సంతోషంగా ఉన్నారు. కొందరు మాత్రం ఇది సాయం ఎగ్గొట్టే ఎత్తు అంటారు.

ఫిజియో_రమ్య
ఎత్తో కాదో తెలుసుకోవడం తేలిక. నేర్పడానికి మనిషిని పంపిస్తే వైద్యం. మనిషిని పంపకుండా "మీరే తొడుక్కోండి" అంటే ఎగ్గొట్టడం.

అడ్డసవాల్
అన్ని దేశాలూ గొప్పవే అంటున్నారు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఎండలకి 15 వేల మంది దాకా పోయారు, ఎక్కువమంది ముసలివాళ్లు. పిల్లలు, డాక్టర్లు అందరూ సెలవుల్లో ఉన్నారు. అదీ రాయండి.

బెర్లిన్_బాబాయి
రాయాల్సిందే. ఆ తర్వాత ఏం చేశారో కూడా రాయాలి. ఒంటరి పెద్దవాళ్ల పేర్లు మునిసిపాలిటీలో నమోదు చేసుకుని ఎండలు ముదిరితే ఫోన్ చేస్తారు. ఒక సెలవు రోజు జీతం లేకుండా పనిచేయించి ఆ సొమ్ము పెద్దల సంరక్షణకి మళ్లించారు. ఫ్రెంచివాళ్ల దగ్గర సెలవు లాక్కోవడం ఎంత కష్టమో తెలుసు కదా!

పాతచొక్కా
ఇన్ని రాస్తారని అనుకోలేదు. ఒసాకా_కోడలు గారి కేర్ మేనేజరు లాంటి మనిషి నాకు దొరకదు, ఆ పని నేనే చేసుకోవాలి, అర్థమైంది. ప్రస్తుతం పగలంతా కుర్చీలో కూర్చోబెడుతున్నాం, కళ్లజోడు పెట్టి. గౌను బదులు తన చీరే. ఒక ఫిజియో వస్తున్నారు. నిద్రమాత్ర మాత్రం మానేయొచ్చా? మొత్తం పదకొండు రకాలు ఉన్నాయి.

పెద్దల_డాక్టరు
మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, కొన్ని నిద్రమాత్రలు మెల్లగా తగ్గించాలి. పెద్దవాళ్లకి ఇవ్వకపోవడం మంచిదనే మందుల జాబితా అమెరికాలో 1991 నుంచి ఉంది, బీర్స్ జాబితా అంటారు, అప్పుడప్పుడు మారుస్తుంటారు. నిద్రమాత్రల్లో చాలావరకు అందులో ఉన్నాయి. పడిపోవడం, పలవరింత రెండూ వాటితో పెరుగుతాయి. పదకొండు రకాలూ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు బల్ల మీద పోయండి. ప్రతి దానికీ "ఇది దేనికి, ఎన్నాళ్లు, ఆపితే ఏమవుతుంది" అని మూడు ప్రశ్నలు. చూడనంటే ఇంకో డాక్టరు. యూరిన్ గొట్టం ఇంకా ఉందా?

పాతచొక్కా
ఉంది. తీయాలని ఎవరూ అనలేదు.

వార్డు_నర్సు
రేపే అడగండి. పెట్టడానికి కారణం ఏంటో కాగితంలో రాసి ఉందేమో చూడండి. లేకపోతే తీసేయమనే అడగండి. అది ఉన్నంతకాలం ఆవిడ బాత్రూంకి నడవరు, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా పెరుగుతూ ఉంటుంది.

ఫిజియో_రమ్య
కుర్చీ ఎత్తు చూసుకోండి. పాదాలు నేలకి ఆనాలి, చేతులు ఉన్న కుర్చీ అయితే మంచిది. సోఫా వద్దు, అందులోంచి నేనే లేవలేను.